గుర్రం తినకపోతే లాభాలే లాభాలు

గుర్రాల వ్యాపారం ఎలా నడపాలో ఇప్పుడు రెండు రోజుల్లో నేర్పేస్తున్నారు. శనివారం పొద్దున చేరితే ఆదివారం సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ ఉండి, అందులో వేసిన మామిడి మొక్కలు ఎండిపోయి, ఇక ఏం చెయ్యాలో తోచని పెద్దమనుషులంతా ఈ దారి పట్టారు. ఈమూ పక్షులు పెంచి చేతులు కాల్చుకున్నవాళ్లు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. అయినా జనం వెనకడుగు వెయ్యలేదంటే ఆ గుండె ధైర్యానికి దండం పెట్టాల్సిందే.

అలాంటి ఒక శిబిరంలో నేనూ కూర్చున్నాను. ఎక్సెల్ షీటు తెరిచారు. రాబడి వైపు బరాత్, ప్రీవెడ్డింగ్ షూట్, పుట్టినరోజు పిల్లలకు సవారీ, చివర్న పుట్టగొడుగుల రైతులకు లద్ది అమ్మకం. ఒక్కోదానికి ఒక్కో వరుస, ఒక్కో రంగు. లద్దికి సొంత వరుస ఉంది కానీ, అది కింద పడాలంటే ముందు నోట్లోకి ఏదో వెళ్లాలి కదా, ఆ దాణా మాత్రం ‘ఇతర ఖర్చులు’ అన్న గడిలో స్టేషనరీతో పాటు ఇరుక్కుని ఉంది.

450 కిలోల గుర్రం రోజుకు 9 కిలోల దాకా ఎండుమేత లెక్కన తింటుంది. ఒంటితో పోలిస్తే దాని జీర్ణాశయం చిన్నది. మనలా రెండు పూటలు లాగించి పడుకోదు, రోజంతా ఏదో ఒకటి నములుతూనే ఉండాలి. గడ్డి, జై (ఓట్స్), తవుడు, ఉలవలు. (ఉలవలు హోటళ్లలో చారై బిర్యానీ పక్కన చేరాక గుర్రానికి అందని సరుకైపోయాయనుకోండి.) 6 నుంచి 8 వారాలకోసారి, నాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చి గిట్టలు చెక్కాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన ముసలమ్మలు ఏ సర్టిఫికెట్టూ లేకుండానే చెప్పేశారు.

రియల్ ఎస్టేట్ ఆయన ఒకాయన లేచి మంచి ప్రశ్నే వేశాడు. “సార్, మూఢంలో పెళ్లిళ్లుండవు, ఆషాఢంలో ఉండవు. అప్పుడు గుర్రాన్ని ఏం చెయ్యాలి?” శిక్షకుడు ఏమాత్రం తడుముకోలేదు. “ఆఫ్ సీజన్‌లో ఫీడ్ ఆప్టిమైజ్ చెయ్యాలి సార్!” హాలంతా రాసుకుంది. శుక్రుడు మూఢంలో పడ్డాడని గుర్రానికి ఆకలి ఆగుతుందన్న శాస్త్రం పంచాంగకర్తలకు కూడా ఇంతవరకూ తట్టలేదు.

మధ్యాహ్నం డెమో. తెల్ల గుర్రాన్ని తెచ్చి షామియానా కింద నిలబెట్టారు. తలకు తురాయి, మెడలో పూసలు. అది ముందుకాలితో నేల గీరుతోంది. మాటిమాటికీ మెడ తిప్పి తన పక్క డొక్క వంకే చూసుకుంటోంది. పైపెదవి పైకి ముడిచి పళ్లు బయటపెట్టింది. “చూశారా, నవ్వుతోంది! కస్టమర్ ఫ్రెండ్లీ” అన్నాడు శిక్షకుడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. మళ్లీ నేల గీరింది. “ఎనర్జీ చూడండి ఎనర్జీ!” అన్నాడు. కళ్ళెం పట్టుకున్న సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, మెల్లగా నోరు విప్పాడు. “పొద్దుగాల నుంచి లద్ది ఏస్తలేదు సార్. కడుపు నొస్తున్నట్టుంది.” శిక్షకుడు నవ్వి, “ప్రశ్నలన్నీ చివర్లో, బాబూ” అన్నాడు. వెనక వరుసలోంచి ఒకాయన, లద్ది రాని రోజున ఆ ఆదాయం ఎక్కడ చూపించాలని అడిగాడు. దాని మీద పది నిమిషాల చర్చ.

గుర్రం వాంతి చేసుకోలేని జీవి. కడుపులో ఏది బిగుసుకున్నా అది పైకి రాదు. కడుపుశూల ముదిరితే గంటల్లో ప్రాణం పోతుంది. ఆ షామియానా కింద ఈ సంగతి తెలిసినవాడు ఆ సైసు ఒక్కడే. అతను ఎవరి అనుమతీ అడగలేదు, తురాయి పీకి పక్కన పడేసి, గుర్రాన్ని బయటికి నడిపించుకుపోతూ డాక్టరుకు ఫోన్ కలిపాడు. లోపల తర్వాతి స్లైడు పడింది: ‘లేబర్ ఖర్చు తగ్గించడం ఎలా?’ ఇద్దరు సైసులు చేసే పని ఒక్కడితో చేయించవచ్చట.

ఏం మనుషులయ్యా మీరు! తారు రోడ్డు మీద, చెవులు పగిలే డీజే పక్కన, కాళ్ల కింద టపాసులు పేలుతుంటే గంటల తరబడి నిలబడే జీవం అది. కదలకుండా ఉండాలని దాని నోట్లో ముళ్ల కళ్ళెం కుక్కి, నాలుక తెగి నురగలో నెత్తురు కారుతుంటే పైన కూర్చుని సెల్ఫీ దిగే పెళ్లికొడుకుని ‘క్లయింట్’ అని నేర్పడానికి మీకు రెండు రోజులు సరిపోయాయి. ముళ్ల కళ్ళెం వాడకూడదని 1965 నాటి జంతుహింస నిరోధక నిబంధనల్లోనే ఉందని చెప్పడానికి మాత్రం ఒక్క నిమిషం దొరకలేదు.

ప్రభుత్వానికీ తన లెక్క తనకుంది. మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం మీద పందెం కాస్తే పూర్తి పందెం మొత్తానికి 28 శాతం జీఎస్టీ అని 2023 అక్టోబరు 1 నుంచి వసూలు మొదలెట్టింది. చాలదని 2025 సెప్టెంబరులో 40 శాతం చేసింది. గుర్రాన్ని హింసిస్తే? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 11వ సెక్షన్: మొదటి తప్పుకు జరిమానా కనీసం 10 రూపాయలు, మహా అయితే 50. షీటులో దానికి వరుస కూడా అక్కర్లేదు, ఫంక్షన్ హాలు పార్కింగ్ ఖర్చులో కలిపెయ్యొచ్చు.