లొటలొటా, కటకటా?

ఆదివారం పొద్దున్న ఏడున్నర. పదిన్నరకి గుంటూరులో మా ఆవిడ పెద్దమ్మ కూతురి గృహప్రవేశం. మా కారు ముందురోజు రాత్రే సర్వీసు సెంటరు నుంచి ఇంటికొచ్చింది, ఈ రెండు నెలల్లో ఇది మూడోసారి. టేబుల్ మీద రెండు కాఫీ గ్లాసులు, మధ్యలో మూడు పేజీల బిల్లు. ఆ తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు అనుకూలంగా రెండు మాటలు మార్చుకోవచ్చు గానీ ఇది ఆవిడ కూడా చదువుతుంది.

ఆవిడ: ఏమండీ, ఇంతకీ శబ్దం పోయిందా?

నేను: పోయిందన్నాడు.

ఆవిడ: అన్నాడు సరే, పోయిందా?

నేను: రాత్రి వచ్చేటప్పుడు ఎఫ్ఎం పెట్టుకుని వచ్చాను.

ఆవిడ: ఎందుకూ, వినపడుతుందని భయమా?

నేను: 14,860 రూపాయలు కట్టి వస్తున్న మనిషికి ఇంటిదాకా అయినా మనశ్శాంతి ఉండొద్దా?

ఆవిడ: మొదటిసారి 2,300, రెండోసారి 3,900, ఇప్పుడిది. మొత్తం 21,060. ఇంతకీ ఈసారైనా శబ్దం గురించి వాళ్ళకి సరిగ్గా చెప్పారా?

నేను: చెప్పాను. ముందు వైపు కటకటమంటోంది అని.

ఆవిడ: అదిగో! అందుకే బాగవ్వట్లేదు. అది కటకట కాదండీ, లొటలొట.

నేను: కటకట.

ఆవిడ: కటకట అంటే గట్టి వస్తువు గట్టి వస్తువుకి తగలాలి. ఇది వదులైంది ఊగుతున్న శబ్దం. మా నానమ్మ పళ్ళసెట్టు చేసేది అచ్చం ఇదే.

నేను: మీ నానమ్మ పళ్ళసెట్టు మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కించలేదు ఎవరూ.

ఆవిడ: జాబ్ కార్డు మీద ఏం రాసుకున్నాడు?

నేను: "అబ్నార్మల్ నాయిస్" అని.

ఆవిడ: మనకి ఇన్ని మాటలుండగా ఆ రెండు ముక్కలా? లొటలొట, కిర్రు కిర్రు, గరగర, టపటప, దేని రోగం దానిదే కదా. డాక్టరు దగ్గరికెళ్ళి "నాకు అబ్నార్మల్‌గా ఉందండీ" అంటే మందు రాస్తాడా?

(ఇందులో న్యాయం ఉందని నాకప్పుడే అనిపించింది. పైకి అనలేదు.)

నేను: అసలు వాడి ముందు అది శబ్దం చేస్తేగా! టెస్ట్ డ్రైవ్‌కి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైపాస్ మీద మూడు కిలోమీటర్లు తిప్పాడు. ఒక్క చప్పుడు చేస్తే ఒట్టు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు తలొంచుకుని వెళ్ళింది. వాడు నా వైపు చూసి "ఎక్కడ సార్ శబ్దం?" అంటే, నేనే నోటితో చేసి చూపించాల్సి వచ్చింది.

ఆవిడ: కటకట అనా?

నేను: అవును. కటకట అనే.

ఆవిడ: ఇంకేం, లేని రోగానికి మందేశాడు. అయినా బైపాస్ మీద ఎందుకు తిప్పించారు? అది అద్దంలా ఉంటుంది. మన వీధిలో తిప్పమనాల్సింది. మంచినీళ్ళ పైపు కోసం తవ్వి వదిలేసిన గుంట దగ్గరే కదా అది నోరు విప్పేది.

నేను: వాడు మన వీధికి రాడు.

ఆవిడ: అందుకే కదండీ ఆ రోజు ఫోన్‌లో రికార్డు చేద్దామన్నాను?

నేను: చేశావుగా, నాలుగు నిమిషాలు. మొదట హారన్లు. తర్వాత "మీరు గేరు మార్చండి" అని నువ్వు, "ఫోన్ కిందికి పెట్టు, శబ్దం కింద నుంచి వస్తోంది" అని నేను, "మూడో గేరులో గుంట దింపుతారా ఎవరైనా" అని నువ్వు, ఆ తర్వాత మా అక్క పెళ్ళిలో మీ వాళ్ళకి మర్యాద జరగలేదన్న సంగతి. అది మొత్తం ఆ సర్వీస్ అడ్వైజరు ఇయర్ ఫోన్స్ పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

ఆవిడ: విని ఏమన్నాడు?

నేను: ఏమీ అనలేదు.

ఆవిడ: ఏదో అన్నాడు. మీ మొహం చెబుతోంది.

నేను: "బండి శబ్దం వినపడట్లేదు సార్, కానీ మేడమ్ చెప్పింది కరెక్టే, గుంట దగ్గర సెకండ్‌లో వెయ్యాలి" అన్నాడు.

ఆవిడ: పోనీలెండి, 21 వేలకి ఒక్క మంచి మాటైనా వచ్చింది.

(ఇక్కడ బండి సంగతి కొంచెం చెప్పాలి. 2015 మోడల్, డీజిల్, తెల్ల రంగు. కొత్త బండ్లు అమ్మే షోరూమ్ వాళ్ళే పక్కన పాత బండ్ల విభాగం పెట్టారు, అక్కడ 3 లక్షల 85 వేలకి కొన్నాం. బయట బ్రోకరు దగ్గర కొంటే మోసపోతామని, కంపెనీ వాళ్ళయితే వందకి పైగా పాయింట్లు చెక్ చేసి ఇస్తారని పట్టుబట్టింది నేనే. ఈ విషయం మా ఇంట్లో రోజుకోసారి ప్రస్తావనకి వస్తుంది, మళ్ళీ వచ్చింది.)

ఆవిడ: ఆ వంద పాయింట్లలో చెవులు ఎవరికీ లేవా?

నేను: కొనే రోజు నువ్వూ ఉన్నావు కదా.

ఆవిడ: ఉన్నాను. బ్రేకు పెడల్ రబ్బరు మీద ఒక్క గీత కూడా లేదు, నున్నగా అరిగిపోయింది, మీటరు చూస్తే 48 వేల కిలోమీటర్లే ఉంది, ఇదేంటండీ అని మీ చెవిలో అన్నాను. మీరేమన్నారు?

నేను: గుర్తులేదు.

ఆవిడ: "డాక్టరు గారి బండి, ఆయన బ్రేకు మీద కాలు తీయకుండా జాగ్రత్తగా నడిపుంటాడు" అన్నారు. వాడు డాక్టరు అనగానే మీరు కరిగిపోయారు. హాస్పిటల్‌కీ ఇంటికీ తప్ప తిరగలేదట! మరి వెనక సీటు కింద దొరికిన తిరుమల కల్యాణకట్ట టోకెన్లు ఎవరివి?

నేను: భక్తిపరుడేమో.

ఆవిడ: ఏడు టోకెన్లండీ. ఒక్క డాక్టరుకి ఏడు గుండ్లా? ట్రావెల్స్‌లో తిప్పినట్టున్నారు బండిని, సీటు కింద వెతికితే లడ్డూ కవర్లు కూడా దొరుకుతాయి.

నేను: ఆర్‌సీలో మనం మూడో ఓనరు. డాక్టరు మొదటి ఓనరు అయ్యుంటాడు. మధ్యలో వాడి సంగతి మనకి తెలియదు.

ఆవిడ: మధ్యలో వాడికి మన సంగతి తెలుసు, అందుకే అమ్మేశాడు. అసలు కొండ దగ్గర వాహన పూజ చేయించిన రోజే నాకు అనుమానం వచ్చింది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడితే ఎన్ని నలిగాయి?

నేను: మళ్ళీ మొదలుపెట్టకు.

ఆవిడ: మూడు! నాలుగోది పక్కకి జారిపోయింది. పూజారి గారు కూడా ఒక్క క్షణం ఆగి చూశారు. అది ఏ టైరు కింది నిమ్మకాయ?

నేను: ముందు ఎడమ టైరు.

ఆవిడ: శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది?

నేను: ...ముందు ఎడమ వైపు నుంచి. అది కాకతాళీయం.

ఆవిడ: సరే, బిల్లు ఇటివ్వండి. లింక్ రాడ్డులు రెండు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంటింగ్. ఇవి నిజంగా మార్చారా?

నేను: పాతవి చూపించమని అడిగాను, స్క్రాప్‌కి వెళ్ళిపోయాయన్నాడు.

ఆవిడ: ఆటోనగర్ మెకానిక్ అయితే పాత సామాను న్యూస్ పేపర్లో చుట్టి డిక్కీలో పడేసేవాడు, ఇదిగోనండి మీ బుష్ అని. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ, సరే అది గవర్నమెంటుది. కన్స్యూమబుల్స్ 280. అంటే?

నేను: గ్రీజు, గుడ్డ, అలాంటివి.

ఆవిడ: తుడుచుకున్న గుడ్డకి డబ్బులా? మరి ఇదేంటి, "ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్", 1,450?

నేను: లోపల తుడిచారు.

ఆవిడ: మళ్ళీ చెప్పండి.

నేను: లోపల... కొంచెం గట్టిగా తుడిచారు.

ఆవిడ: ఎన్‌రిచ్‌మెంట్! నేను ఇరవై రెండేళ్ళ నుంచి ఈ ఇంటికి చేస్తున్నది ఏంటి మరి? మీకు ఒక్క బిల్లయినా ఇచ్చానా? పోనీ తుడిచారా అంటే, రాత్రి చూశాను, హ్యాండ్ బ్రేకు పక్కన మొన్న మీరు తిన్న పల్లీల పొట్టు అలాగే ఉంది. మీరెందుకు ఒప్పుకున్నారు?

నేను: నేనెక్కడ ఒప్పుకున్నాను? ఫోన్ చేసి, సార్ ఏసీ, ఇంటీరియర్, అండర్ బాడీ అని గుక్క తిప్పుకోకుండా చదివాడు, మధ్యలో ఊపిరి తీసుకున్నాడు, నేను "ఆఁ" అన్నాను. వింటున్నానని అన్నాను. వాడు సరే అన్నాననుకున్నాడు.

ఆవిడ: ఇంట్లో నేనేదైనా అడిగితే ఆ "ఆఁ" రాదు.

నేను: ఇంజిన్ ఫ్లష్ మాత్రం వద్దన్నాను. అది ఎవరూ చెప్పుకోరు.

ఆవిడ: వారంటీ ఉందన్నారు కదా ఆరు నెలలు?

నేను: ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీనట. అరిగిపోయేవాటికి వర్తించదట.

ఆవిడ: బండిలో అరగనిదేముంది? హారనా? 1915కి ఫోన్ చేద్దాం. వినియోగదారుల హెల్ప్‌లైన్. దానికీ దారికి రాకపోతే జిల్లా కమిషన్‌లో కేసు వేద్దాం, మనం కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. అన్నీ చదివాను.

నేను: వేశామనుకో. అప్పుడు జడ్జి గారు "ఏదీ, శబ్దం వినిపించండి" అంటారు. బండి తీసుకెళ్తాం. అక్కడ అది నోరు విప్పుతుందా?

ఆవిడ: ...విప్పదు.

నేను: నేను మళ్ళీ నోటితో చేసి చూపించాలి.

ఆవిడ: అప్పుడైనా లొటలొట అని చేసి చూపించండి, కేసు గెలుస్తాం. సరే, నిన్న రాత్రి ఎవరితోనో ఫోన్‌లో "చాలా బాగుందండీ, వెరీ గుడ్" అంటున్నారు, ఎవరూ?

నేను: షోరూమ్ నుంచే. ఫీడ్‌బ్యాక్.

ఆవిడ: ఎంత ఇచ్చారు?

నేను: పదికి.

ఆవిడ: పదికి ఎంత?

నేను: పది. పాపం ఆ కుర్రాడు ముందే బతిమాలుకున్నాడు, తొమ్మిది ఇచ్చినా సున్నా కిందే లెక్కట, ఇన్సెంటివ్ పోతుందట. చెల్లెలి పెళ్ళి ఉందట.

ఆవిడ: మొన్న నేను చేసిన గుత్తి వంకాయకి ఏమన్నారు? "ఉప్పు ఒక్క రవ్వ తగ్గింది" అన్నారు. నాకు ఇన్సెంటివ్ లేదనే కదా.

(దీనికి జవాబు నా దగ్గర లేదు. టైం ఎనిమిదింపావు అయింది. చీర, బ్యాగు, వెండి కుంది ఉన్న గిఫ్టు ప్యాకెట్టు, మంచినీళ్ళ సీసా, అన్నీ బండిలో పెట్టాం. కూర్చున్నాం. ఆవిడ బెల్టు పెట్టుకుంది. నేను తాళం తిప్పాను.)

నేను: చూశావా! వింటున్నావా? ఒక్క శబ్దం లేదు. పువ్వులా ఉంది. ఊరికే ఆడిపోసుకుంటావు వాళ్ళని.

ఆవిడ: ఏమండీ.

నేను: ఏంటి?

ఆవిడ: బండి స్టార్ట్ అవ్వలేదు.

(మళ్ళీ తిప్పాను. "టక్" అంది. ఇంకోసారి తిప్పాను. ఆ "టక్" కూడా అనలేదు. డాష్ బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ముసలాయన కళ్ళు మూసుకున్నట్టు మెల్లగా ఆరిపోయాయి. జాబ్ కార్డు తీసి చూస్తే "బ్యాటరీ: గుడ్" అన్నచోట పెద్ద టిక్కు.)

నేను: సెల్ఫ్ తీసుకోవట్లేదు. బ్యాటరీ అనుకుంటా. కొంచెం తోస్తే...

ఆవిడ: పట్టుచీర కట్టుకున్నాను.

నేను: సర్వీస్ సెంటరుకి ఫోన్ చేస్తానుండు.

ఆవిడ: ఆదివారం.

నేను: ఆ కుర్రాడి నంబరు ఉంది.

ఆవిడ: పదికి పది వచ్చాక ఎందుకెత్తుతాడండీ? పదండి బస్టాండుకి. నాకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు ఫ్రీ. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేసిన 2025 ఆగస్టు 15 నుంచి నేను ఏనాడూ రోడ్డు మీద ఆగిపోలేదు. మీరు కొన్నారు గాబట్టి ఈ బండెక్కుతున్నాను, మీ మొహం చూసి.

విజయవాడ నెహ్రూ బస్టాండులో గుంటూరు ఎక్స్‌ప్రెస్ దొరికింది. కండక్టరు ఆవిడకి జీరో టికెట్టు కొట్టిచ్చి నా వైపు చెయ్యి చాపాడు. నా టికెట్టు ఆవిడ దాచుకుంది, ఖర్చుల పుస్తకంలో "బండి" కింద రాస్తుందట. వారధి దాటేదాకా మేం మాట్లాడుకోలేదు. మంగళగిరి దగ్గర సర్వీస్ రోడ్డులోకి దిగి బస్సు ఒక గుంటలో పడింది. మా సీటు పక్కనున్న కిటికీ అద్దం, దాని కింద రేకు, రెండూ కలిసి ఒక్కసారి ఊగాయి. ఇద్దరం ఒకేసారి తల తిప్పాం.

ఆవిడ: ఇదే!

నేను: ఇదే! అచ్చం ఇదే!

ఆవిడ: ఇప్పుడు చెప్పండి, ఏమంటోంది?

నేను: ...లొటలొటమంటోంది.

ఆవిడ: ఫోన్ తియ్యండి. నేను మాట్లాడను.

నిజంగానే మాట్లాడలేదు. నలభై సెకన్లు నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, పెళ్ళయ్యాక నేను చూసిన అతి పెద్ద నిశ్శబ్దం అది. రికార్డింగ్ శుభ్రంగా వచ్చింది. బస్సు అని రాయకుండా, "శబ్దం ఇదీ, వినండి" అని మాత్రం రాసి ఆ కుర్రాడికి వాట్సాప్ చేశాను. గృహప్రవేశంలో పులిహోర తింటుండగా జవాబొచ్చింది.

ఆవిడ: ఏమన్నాడు?

నేను: "ఇప్పుడు క్లియర్‌గా ఉంది సార్. ఇది లింక్ రాడ్డే. శుక్రవారం బండి తీసుకురండి, ఎస్టిమేట్ 6,400" అన్నాడు.

ఆవిడ: బస్సు ఎక్కడి నుంచి తెస్తారు?