ప్లేటులో పెరిగి బ్లీచ్‌లో కలిసిన చర్మం గారికి

మహారాజశ్రీ చర్మం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఉభయుల్లో ఒకరు పొద్దున పదిన్నర నుంచి బ్లీచ్‌లో నానుతున్నారు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

నిన్న సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు. మా ఇల్లు మోండా మార్కెట్ వెనక సందులో. మహంకాళి గుడి డప్పులు మా వంటింట్లోకి వినిపిస్తాయి. అమ్మ బోనం కుండకు పసుపు కుంకుమ బొట్లు పెడుతుంటే నేను గబగబా పెరుగన్నం తిని చెప్పులు వేసుకుంటున్నాను. "యాడికే పండుగ పూట?" అంది. ల్యాబ్‌లో పెంచుతున్న చర్మానికి మీడియా, అంటే కణాలు తాగే పోషక ద్రవం, మార్చాలన్నాను. "గా తోలుకు ఒక్కపూట బువ్వ పెట్టకుంటే ఏమైతది బిడ్డా?"

ఏమవుతుందో మీకు తెలుసు. నాకూ తెలుసు. అందుకే ట్రాఫిక్ మళ్లించిన రోడ్ల మీద సగం దూరం నడిచి, రెండు బస్సులు మారి వచ్చి, హుడ్ (క్రిములు పడకుండా గాలిని వడకట్టే పెట్టె) ముందు కూర్చుని, పన్నెండు గదుల ప్లేటులో ఉన్న మీ పన్నెండు మందికీ గోరువెచ్చటి మీడియా పోశాను. తిరిగి ఇల్లు చేరేసరికి బోనం గుడికి వెళ్లి రావడం కూడా అయిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఈ ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీస్తే, మీ కింద గులాబీ రంగులో నిగనిగలాడాల్సిన మీడియా మజ్జిగపులుసులా ఉంది. పసుపు పసుపుగా, మబ్బు మబ్బుగా. మైక్రోస్కోప్ కింద పెడితే కడ్డీల్లాంటి బ్యాక్టీరియా, పండక్కి ఊరెళ్లే జనం ఎంజీబీఎస్ బస్టాండులో తిరిగినట్టు తిరుగుతోంది. సరిగ్గా ఆ టైముకే గుడి దగ్గర భవిష్యవాణి చెప్పే రంగం. రాష్ట్రానికి వానలెట్లా ఉంటాయో, పంటలెట్లా ఉంటాయో అందరూ చెవులు రిక్కించి వింటున్నారు. నా ప్లేటు సంగతి కూడా ఎవరైనా శనివారమే చెప్పి ఉంటే నేను బోనాలు చూసేదాన్ని.

మర్యాదలో లోపం జరిగిందంటే ఒప్పుకోను. కొత్తల్లుడికైనా పండగ మూడు రోజులే. మీకు 23 రోజులు జరిగింది. మొదటి వారం కొల్లాజెన్ పరుపు వేసి అందులో ఫైబ్రోబ్లాస్టులను (చర్మం లోపలి పొర కణాలను) కూర్చోబెట్టాం, అడుగున రక్తనాళాల లోపలి పూత కణాలు పరిచాం. వాటి మీద కెరటినోసైట్లు (చర్మం పైపొర కణాలు), మూడు రోజులు మునక. గాలి తగిలితే తప్ప తమరు పొరలు పొరలుగా ఎదగరు కదా, అందుకని ఆ తర్వాత పైన మీడియా తీసేసి, కింద నుంచి మాత్రమే తాగేలా ఎత్తి నిలబెట్టాం. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. కరెంటు పోతే మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. మీకు యూపీఎస్, దాని వెనక జనరేటర్. ఇక దూడ పిండం రక్తం నుంచి తీసిన ఆ సీరం సీసా ధర ముందు నెలకు వచ్చే నా 37,000 జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఇంతా చేస్తే మీరు ఒక్కొక్కరు చొక్కా గుండీ అంత! అందులోనూ ఇద్దరు అంచుల నుంచి ముడుచుకుపోయి అప్పడాల్లా లేచారు. దాని గురించి ఇప్పుడు మాట్లాడను.

ఈ ఊళ్లోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు చేయి చాపింది హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన దోమకు ఒక అణా ఇచ్చారట. అసలు సిసలు చర్మం, లోపల పారే రక్తంతో సహా, అణా! రాస్‌కు సీరం ఖర్చు లేదు, ఆదివారం మీడియా మార్చే పనీ లేదు. ఇప్పుడు అలా మనిషి చేయి అడగకూడదు, అడగకపోవడమే న్యాయం. అందుకే తమరిని బతిమాలుకుంటున్నాం.

ఎలుకలు ఉన్నాయిగా అంటారు. మేము పెంచే రికెట్సియా పార్కెరై అనే బ్యాక్టీరియా మామూలు ల్యాబ్ ఎలుకకు పెద్దగా జబ్బు చేయదు. మనిషికి మాత్రం గోమారి (టిక్) కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టి, జ్వరం తెస్తుంది. మన దేశంలో టిక్ టైఫస్ తెచ్చే కొనోరై దీనికి దగ్గరి చుట్టమే, కానీ దాన్ని ముట్టుకోవాలంటే ఇంకా కట్టుదిట్టమైన ల్యాబ్ కావాలి. (మా పెద్దనాన్న ఇదంతా విని "అంటే స్క్రబ్ టైఫసేగా" అంటాడు. కాదు పెద్దనాన్నా, అది వేరే క్రిమి, దాన్ని తెచ్చేది గోమారి కాదు, చిగ్గర్ అనే చిన్న పురుగు. ఐదోసారి చెప్తున్నా.) డాక్సీసైక్లిన్ మందు టైముకు పడితే జ్వరం దిగుతుంది. టైముకు అనుమానించడమే కష్టం. చాలా చోట్ల ఇంకా 1916 నాటి వైల్-ఫెలిక్స్ పరీక్షే దిక్కు. అదీ వేరే బ్యాక్టీరియాను అడ్డం పెట్టుకుని చేసే పరీక్ష.

ఈ పార్కెరై బతికున్న కణంలోనే బతుకుతుంది. లోపలికి దూరాక ఆ కణానికి ఆకారం నిలబెట్టే ఆక్టిన్ అనే ప్రోటీన్‌నే లాక్కుని తోకలా కట్టుకుంటుంది. ఆ తోక తోస్తుంటే కణం పొర అనే గోడ దాకా పోయి, గోడతో పాటు పక్క కణంలోకి పొడుచుకుపోతుంది. మన వాసాలతోనే మన గోడకు కన్నం వేయడమన్న మాట. వాసాలు చాలవని స్కా4 అనే ప్రోటీన్ పంపి, గోడ బిగువును కూడా సడలిస్తుంది. ప్లాస్టిక్ మీద ఒక్క పొరగా పరుచుకున్న కణాల్లో ఇదంతా బాగానే కనిపిస్తుంది. కానీ అసలు చర్మంలో గోడల బిగువు వేరు, పొరలు వేరు, అడుగున రక్తనాళం వేరు. ఏ పొరలో ఆగుతుంది, ఏ పొరలోంచి కిందికి జారుతుంది అనేది మీలాంటి వాళ్లలోనే చూడాలి. మీలో తెల్లకణాలు లేవు, గోమారి లాలాజలం బదులు మా సూది ఉంది. అయినా సర్దుకున్నాం.

నా ఫిర్యాదు ఒక్కటే. ఇరవై రోజులు మీ మీడియాలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కాపలా కాశాయి. మంగళవారం రికెట్సియాను లోపలికి వదలాలి కాబట్టి శుక్రవారం ఆ కాపలా తీసేశాం. తీయకపోతే మా అతిథికీ గుమ్మంలోనే దెబ్బ తగలొచ్చు. ఇది మీకు కొత్త కాదు. అంతకుముందు బ్యాచ్‌కీ తీశాం, దానికి ముందుదానికీ తీశాం. మూడు రోజులు! మూడంటే మూడు రోజులు ఎవరినీ రానివ్వకుండా ఉండలేకపోయారా?

కెరటిన్ పొర కట్టుకుంది దేనికి? అలంకారానికా? నీ పుట్టుకే అడ్డుగోడగా ఉండటానికి కదా! సూది పెట్టి, కణానికి ఇన్ని చొప్పున లెక్కేసి రికెట్సియాను ఎక్కిస్తే "మూడో రోజుకి చూద్దాం, ఐదో రోజుకి చూద్దాం" అని నీలుగుతావు. అడ్రస్ లేని కడ్డీ ఒకటి వస్తే ఒక్క రాత్రిలో పన్నెండు గదులూ రాసిచ్చేస్తావా? దానికి తోక లేదు, స్కా4 లేదు, బతికున్న కణం కూడా అక్కర్లేదు. మీడియాలో కూర్చుని తాగింది. నా సీరం తాగింది! బోనాలు వదులుకుని వచ్చి నేను పోసిన సీరం! పార్కెరైకి విస్తరి వేసి పెడితే దారిన పోయేది కూర్చుని మెతుకు మిగలకుండా తినిపోయింది, నువ్వు గుడ్లప్పగించి చూశావు. మా మేడమ్ ప్లేటు చూసి "ఇట్స్ ఓకే, మళ్లీ పెంచు" అంది. పెంచేది నేను కాబట్టి ఓకే.

బ్లీచ్ పోసేటప్పుడు కూడా నీ పైపొర చెక్కుచెదరలేదు. దానికి మాత్రం బిగువు బాగా ఉంది.

మార్చి నెల బ్యాచ్‌లో ఒకడున్నాడు, ఆరో గదిలో. కోసి, రంగులద్ది చూస్తే పైన ఉల్లిపొరల్లాంటి కెరటిన్, కింద ఇటుకల్లా పేర్చిన కణాలు, వాటి మధ్య ఆకుపచ్చగా బ్యాక్టీరియా, ఒక్కోదాని వెనక ఎర్రటి తోక. ఒకటి సగం ఈ కణంలో, సగం పక్క కణంలో. ఆ రాత్రి పదకొండింటికి చీకటి గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఫోటో అమ్మకు పంపితే "మంచిగుంది, పట్టుచీర అంచు తీరు" అంది. దాన్ని ఇప్పటికీ ఫోన్‌లో వాల్‌పేపర్‌గా ఉంచుకున్నాను. తీసేద్దామని ఇందాక రెండుసార్లు అనుకున్నాను.

నైట్రోజన్ ట్యాంకులోంచి కొత్త కణాల సీసా (వయల్) బయటికి తీశాను, నీళ్లలో కరుగుతోంది. ఈసారి 23వ రోజు శనివారం రాకుండా, ఆదివారం రాకుండా క్యాలెండర్ చూసుకున్నాను. రాఖీ వస్తోంది.

ఇట్లు,
తమ వంటమనిషి

తా.క.: ఆ కడ్డీలు ఆమ్లం బాగా చేస్తున్నాయి, మీడియా అంత పసుపెక్కింది అందుకే. పెరుగులోనూ అట్లాంటి కడ్డీలు ఉంటాయి. ఆదివారం పొద్దున నేను తిన్నది పెరుగన్నం. హుడ్‌లో మాస్కు ముక్కు కిందికి జారినట్టు కూడా లీలగా గుర్తు. ఈ విషయం మేడమ్‌కు చెప్పలేదు. మీరూ చెప్పొద్దు.