సవరణ: పాక్-12ను పడగొట్టింది ఆపిల్ ఒక్కటే కాదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో "ఆపిల్ ఆఫర్ వల్ల పాక్-12 మూతపడింది" అని ఉంది. పాక్-12 అంటే అమెరికా పశ్చిమ ప్రాంత కాలేజీల లీగ్; ఆపిల్ ఆఫర్ అంటే దాని మ్యాచ్‌ల ప్రసారానికి ఆ కంపెనీ ఇవ్వజూపిన ఒప్పందం. ఆ పోస్టుకు రెండు సవరణలు.

పాక్-12 మూతపడలేదు. 2024లో పది కాలేజీలు వెళ్లిపోయినా ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఆ పేరును వదల్లేదు. బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ లాంటివి 2026 నుంచి చేరడానికి ఒప్పుకున్నాయి.

ఇక ఆపిల్ సంగతి. అసలు దెబ్బ 2022 జూన్ 30న పడింది. లాస్ ఏంజెలెస్ కాలేజీలైన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే మరో లీగ్‌కు వెళ్తున్నామని ప్రకటించాయి. వాటితో పాటే లాస్ ఏంజెలెస్ ప్రేక్షకులూ పోయారు. టీవీ చానళ్లు డబ్బు కుమ్మరించేది అలాంటి మార్కెట్ల కోసమే కదా! పాక్-12 ప్రసార హక్కుల మీద ఇంకా బేరాలాడుతుండగానే ఇంకో పోటీ లీగ్ బిగ్ 12 చురుగ్గా ఈఎస్‌పీఎన్, ఫాక్స్ టీవీ చానళ్లతో ఒప్పందం పొడిగించుకుంది. 2023 జూలై 27న పాక్-12లోని కొలరాడో కూడా బిగ్ 12కే వెళ్తున్నట్టు ప్రకటించింది. ఆపిల్ ఆఫర్‌ను కాలేజీల ముందు పెట్టింది ఆ తర్వాతే, ఆగస్టు మొదట్లో. డబ్బు కట్టి ఆపిల్‌లో మ్యాచ్‌లు చూసే చందాదారులు పెరిగితేనే కాలేజీల రాబడి పెరిగే పద్ధతి అది. ఆగస్టు 4న ఒరెగాన్, వాషింగ్టన్ కాలేజీలు ఆదాయంలో పూర్తి వాటా రాకపోయినా సరేనని బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. ఆ చందాల లెక్క మీద వాళ్లకు ఎంత నమ్మకం ఉందో దీన్నిబట్టే తెలుస్తోంది.