ప్రతిభావంతుల వాటాను ఎవరూ తినలేదు

పదో తరగతి ఫలితాల రోజుల్లో వాట్సాప్‌లో ఒక సందేశం తరచూ చక్కర్లు కొడుతుంది. సర్కారు బడులలో నేర్చుకోలేని పిల్లలపై ప్రభుత్వం కోట్లు కుమ్మరిస్తోందని, పది మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణి ఇస్తోందని, చురుకైన పేద విద్యార్థికి మాత్రం పైసా విదల్చడం లేదని, కనుక ఆ నిధులను ప్రతిభావంతులకు మళ్లించాలని దాని సారాంశం. నేర్చుకోలేని పిల్లలంటే ఆ సందేశం దృష్టిలో వైకల్యం వంటి ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులు. ఇందులో ఒక్క వాదన కూడా పరిశీలనకు నిలవదు.

ప్రతిభకు పైసా లేదన్న మాట తెలుగు నేలపై పుట్టవలసింది కాదు. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులం ఉద్దేశమే పల్లెల్లోని చురుకైన పిల్లలను ఏరి చదివించడం. ఆయన కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న కాలంలోనే, 1986 విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ప్రవేశపరీక్షలో నెగ్గి ఆరో తరగతిలో చేరిన విద్యార్థికి అక్కడ వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ ప్రభుత్వ ఖర్చే. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో ఈ విద్యాలయాలకు 5 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించారు, వాటిలో చదివేవారు సుమారు 3 లక్షల మంది. అంటే తలకు ఏడాదికి లక్షన్నర రూపాయలకు తగ్గదు. పదో తరగతి మార్కులతో గ్రామీణ విద్యార్థులను చేర్చుకునే ట్రిపుల్ ఐటీలు 2008 నుంచి ఉన్నాయి. నవోదయలో సీటు రాక ఊరి బడిలోనే మిగిలినవారికి ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ప్రతిభా ఉపకారవేతనం ఉంది: ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు.

ఇక కుమ్మరిస్తున్న కోట్ల సంగతి. పాఠశాల విద్యకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి అనుమతించే మొత్తం గరిష్ఠంగా 3,500 రూపాయలు. వినికిడి యంత్రం, బ్రెయిలీ పుస్తకం, ఫిజియోథెరపీ, బడికి రవాణా వంటివన్నీ ఇందులోనే సర్దుకోవాలి. ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు ఇస్తారు. వసతి గృహంతో కూడిన విద్యాలయాన్ని ఊరి బడిలోని అదనపు సాయంతో నేరుగా పోల్చడం పూర్తిగా న్యాయం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ప్రత్యేక ఉపాధ్యాయుల జీతాలను కూడా కలిపి ఎంత ఉదారంగా లెక్క వేసినా, సందేశం చెప్పిన దిక్కుకు తక్కెడ మొగ్గదు.

పది మందికి ఒక ఉపాధ్యాయుడన్న వాదన వీటన్నిటికంటే విచిత్రమైనది. ప్రాథమిక స్థాయిలో పది మంది, ఆపై స్థాయిలో పదిహేను మంది ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ అది ఉండవలసిన నిష్పత్తి, ఉన్న నిష్పత్తి కాదు. పోస్టులను గుర్తించి ప్రకటించాలని అదే న్యాయస్థానం 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ గడువు పెట్టవలసి వచ్చింది. పైగా ఆ పది మంది ఒకే గదిలో కూర్చునే తరగతి కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ఎక్కువగా చేస్తున్నది కాంట్రాక్టు మీద నియమితులైన ఐఈఆర్‌పీలు, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం, చుట్టుపక్కల బడులు, కదలలేని పిల్లల ఇళ్లు, అన్నీ వారి బాధ్యతే. ఇంటికి వెళ్లి చెప్పే ఆ చదువు కూడా దయతో ఇచ్చింది కాదు, తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటివద్ద చదువుకునే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది.

నేర్చుకోలేని పిల్లలు, ప్రతిభ గల పిల్లలు అంటూ గీసిన గీత కూడా తప్పే. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన అంధ విద్యార్థి శ్రీకాంత్ బొల్లా ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కవలసి వచ్చింది. గెలిచి, 98 శాతం మార్కులు తెచ్చుకొని, అమెరికాలోని ఎంఐటీలో చేరారు. సందేశం లెక్కలో ఆయన ఏ వరుసలోకి వస్తారు? అందరికీ ఆయనంత ప్రతిభ ఉంటేనే హక్కు దక్కాలని నా ఉద్దేశం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. లెక్కను నోటితో ఇట్టే చెప్పి, పేరా చదవమంటే తడబడే పిల్లవాణ్ణి మొద్దుగా ముద్ర వేయకుండా గుర్తించగలిగేది శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయుడే. ఆ పోస్టు ఎత్తేస్తే పోయేవారిలో ప్రతిభావంతులూ ఉంటారు.

చివరిది, మళ్లింపు. నవోదయలకు డబ్బు పూర్తిగా కేంద్రం నుంచి వస్తుంది. సమగ్ర శిక్షను తెలుగు రాష్ట్రాల్లో కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. ఒక పద్దులో కోత పెడితే మరో పద్దు దానంతట అది నిండదు. సందేశంలో న్యాయమైన ఫిర్యాదు ఒకటి దాగి ఉంది: ఏ ఎంపికపరీక్షలోనూ నెగ్గని చురుకైన విద్యార్థికి, అందులోనూ ఏకోపాధ్యాయ పాఠశాలలో చదివేవాడికి, తన వేగానికి తగ్గ పాఠం దొరకదు. 2020 జాతీయ విద్యావిధానం అటువంటి పిల్లలను తరగతిలోనే ప్రోత్సహించాలని చెప్పింది గాని, దాన్ని చట్టపరమైన హక్కుగా మార్చలేదు. కొందరిని ఏరి వేరే చోట చదివించి, మిగిలినవారిని ఒకే టీచరుకు వదిలేసిన పద్ధతి వల్ల వచ్చిన లోటు అది. అదే బడిలో వెనుక బల్లపై కూర్చున్న వినికిడి లోపం గల అమ్మాయికి కూడా ఆ టీచరే దిక్కు.