కడుపు పోవడం, కడుపు తీయించుకోవడం

‘కడుపు పోయింది’ అంటే మన ఊళ్లలో అయ్యో పాపం అంటారు. ‘కడుపు తీయించుకుంది’ అంటే గొంతు తగ్గించి చెప్పుకుంటారు. మొదటిది దేవుడు చేసిన పని, రెండోది ఆడమనిషి చేసిన పని. ఈ రెండు మాటల మధ్య గీతనే నేను చాలా ఏళ్లు నీతి అనుకున్నాను. హైస్కూల్లో ‘భ్రూణహత్య మహాపాపం’ అని వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. ఆ తర్వాత పాతికేళ్లపాటు ఆ అభిప్రాయాన్ని ఒక్కసారి కూడా తిరగేసి చూసుకోలేదు. ఇప్పుడు ఆ గీత తప్పని నమ్ముతున్నాను.

నాలో దాన్ని ముందుగా కదిలించింది సవితా హలప్పనవర్ మరణం. బెళగావి నుంచి ఐర్లండ్ వెళ్లి స్థిరపడిన 31 ఏళ్ల దంతవైద్యురాలు. 2012 అక్టోబరులో 17 వారాల గర్భంతో, నొప్పులతో గాల్వేలో ఆసుపత్రిలో చేరింది. ఈ కడుపు నిలవదని డాక్టర్లే చెప్పారు. ఎలాగూ పోయేదే కదా, తీసేయండి అని ఆమె అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది, అది ఆగేదాకా ఏమీ చేయలేం అన్నారు. 24న పిండం గుండె ఆగింది. ఇన్ఫెక్షన్ అప్పటికే రక్తంలోకి పాకింది. 28న ఆమె గుండె ఆగింది.

నా గీతను ఈ సంఘటన మీద పెట్టి చూశాను. నిలవలేదు. ఇక్కడ పోతున్న కడుపూ, తీయమని అడిగిన కడుపూ ఒకటే. బిడ్డ బతికే దారి ఏ వైపూ లేదు. తల్లి బతికే దారి ఒకటి ఉంది, దాన్ని నియమం మూసింది. మరి ఆ నియమం ఎవరి ప్రాణం కాపాడినట్టు? పాపం మా చేతికి అంటకుండా ఉంటే చాలనుకున్నవాళ్ల చేతులను మాత్రం కాపాడింది. నా చిన్ననాటి వ్యాసంలో ఉన్నదీ ఆ శుద్ధే. అందులో పిండం గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, దాన్ని మోసే మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. పిండానికి విలువ లేదని నేను ఇప్పుడూ అనను. ఆ విలువను అడ్డం పెట్టుకుని ఇంకొకరి దేహాన్ని శాసించే అధికారం నాకు వస్తుందన్నదే ఇప్పుడు ఒప్పుకోలేను.

1983లో గర్భస్థ శిశువు ప్రాణానికి తల్లి ప్రాణంతో సమాన హక్కు ఇస్తూ మూడింట రెండు వంతుల ఓట్లతో రాజ్యాంగం సవరించుకున్న ఐర్లండే, 2018 మే 25న దాదాపు అంతే మెజారిటీతో, 66.4 శాతం ఓట్లతో, ఆ సవరణను తీసేసింది. ఆ రెండు సార్లూ ఓటేసినవాళ్లలో మనసు మార్చుకున్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. వాళ్లకు దేవుడి మీద నమ్మకం పోయిందని నేననుకోను.

ఎదుటివాదన లేకపోలేదు. సవితను చంపింది నియమం కాదు, వైద్యంలో లోపం అంటారు. ఇన్ఫెక్షన్‌ను సకాలంలో పసిగట్టలేదని విచారణల్లో తేలిన మాట నిజం. మన గడ్డమీది వాదన ఇంకా బరువైనది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఉన్న ఆడపిల్లలు 2011 నాటికి 920 లోపుకు పడిపోయారు. అబార్షన్ తప్పు కాదంటే ఈ కోత ఇంకా పెరగదా అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. కానీ ఆడపిల్లని తెలిసి తీయించిన కడుపుల్లో ఆ తల్లి మాట చెల్లినవి ఎన్ని? అత్తగారు తేల్చింది, మొగుడు తేల్చాడు, స్కానింగ్ చేసినవాడు డబ్బు తీసుకున్నాడు. వద్దన్నా కనేలా చేయడం, కంటానన్నా తీయించడం రెండూ ఒక చెట్టు కాయలే. రెండుచోట్లా ఆమెను అడగలేదు.

అసలు ఈ అడగకపోవడం ఇంట్లో మొదలై సచివాలయం దాకా ఉంది. ‘ఇద్దరు ముద్దు’ అని గోడల మీద రాసిన రోజుల్లో ఆపరేషన్ బల్ల ఎక్కింది ఎవరు? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పునరుత్పత్తి వయసులోని పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నారు. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు ఒక శాతం కూడా లేరు. జనాభా తగ్గాలన్నప్పుడు ఆమె పొట్టే కోశాం. ఇప్పుడు జనం ముసలివాళ్లవుతున్నారని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమందిని కనమంటున్నారు. 2024లో స్థానిక ఎన్నికల పోటీకి ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. ప్రభుత్వం లెక్క మారినప్పుడల్లా ఆ ఇంటి ఆడమనిషి గర్భసంచి లెక్క మారాలి. దీన్ని మించిన అనైతికత నాకు కనిపించదు. దీని మీద వ్యాసరచన పోటీ పెట్టిన బడి కూడా నాకు తెలియదు.

మన అబార్షన్ చట్టం మాటల్లో కొంత ముందుకెళ్లింది. 2021 సవరణ ‘పెళ్లయిన స్త్రీ లేదా ఆమె భర్త’ అన్నచోట ‘ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి’ అని రాసింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, 20 నుంచి 24 వారాల మధ్య కడుపు తీయించుకునే వెసులుబాటు పెళ్లికాని ఆడవాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. అయినా మన చట్టం ప్రకారం చివరిమాట ఇంకా డాక్టరుదే. ఆమెది సమ్మతి. పద్దెనిమిది నిండి, మానసికంగా బాగున్న స్త్రీ అయితే ఆ సమ్మతికి ఆమె సంతకం ఒక్కటి చాలు. 1971 నుంచీ చట్టంలో ఉన్న సంగతే ఇది.

మా పిన్ని కూతురు ఇద్దరు పిల్లల తల్లి, బ్యాంకు ఉద్యోగి. మూడేళ్ల కిందట ఎనిమిదో వారంలో తనతోపాటు ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్లాను. తను కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టింది. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని వెనక్కి తోసి, “మీ ఆయన రాలేదా మేడమ్?” అంది. ఊళ్లో లేడని చెబితే, “అయితే ఇంట్లో మగవాళ్లు ఎవరో ఒకరు పెట్టాలండీ” అని పెన్ను నా వైపు తిప్పింది. నేను ఏమవుతానో కూడా అడగలేదు. నేను పెట్టాను. చెల్లి గోడ వైపు చూస్తూ కూర్చుంది.