మందు పడిందా, లేదా?

టెక్సాస్‌లో వేసవి శనివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే తెనాలిలో ఆదివారం పొద్దున్న ఎనిమిది. అమ్మ కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అమెరికా కొడుక్కి ఫోన్ కలిపే వేళ. డాలస్ శివార్లలో ఆ కొడుకు గరాజ్ తలుపు వేసుకుని తూటాలు కట్టుకునే వేళ కూడా సరిగ్గా అదే.

మన దేశంలో ఇది ఇంట్లో చేసుకునే సరదా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అక్కడ మాత్రం తూటాలు నొక్కి కట్టే ప్రెస్సు, తూటా అడుగున ఉండి నిప్పు రాజేసే ప్రైమర్లు, తుపాకి మందు అన్నీ కొట్లోనే దొరుకుతాయి. మనవాడు షూటింగ్ రేంజిలో నడుం వంచి, కాల్చేసిన 9 ఎం.ఎం. పిస్టల్ తూటాల ఇత్తడి కేసులు (మందు పట్టే గొట్టాలు) ఏరుకొస్తాడు. ఇంట్లో నేల మీద పడ్డ కందిపప్పు ఏరమంటే నడుం నొప్పి, అది వేరే సంగతి.

ఏరిన కేసుల్ని మొక్కజొన్న కండెల పొడిలో వేసి, గడగడలాడే యంత్రంలో రెండు మూడు గంటలు తిప్పితే కొత్త బిందెలా మెరుస్తాయి. ఆ దుమ్ములో ప్రైమర్ల తాలూకు సీసం ఉంటుంది. అందుకే గరాజ్‌లోకి జంతికల పళ్లెం రాకూడదు, పని కాగానే చేతులు సబ్బుతో కడగాలి. కేసుల్ని ఒక్కొక్కటే చూడాలి కూడా. 9 ఎం.ఎం. కేసు పొడవు 19 మిల్లీమీటర్ల చిల్లర, మరో రకం పిస్టల్ తూటా .380 కేసు 17 చిల్లర. చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని మందు ఇంకోదానికి పోస్తే మాత్రం దాయాదుల గొడవే.

ఇక ప్రెస్సు. మనవాడిది నాలుగు గడుల పళ్లెం ఉన్నది. మొదటి గడిలో పాత ప్రైమర్ ఊడి, ఉబ్బిన కేసు మళ్లీ కొలతకి నొక్కుకుంటుంది, కొత్త ప్రైమర్ కూర్చుంటుంది. రెండో గడిలో మూతి కాస్త విచ్చుకుని మందు పడుతుంది. మూడో గడిలో బుల్లెట్, అంటే తూటా ముందు నుంచి దూసుకెళ్లే గుండు, దిగుతుంది. నాలుగో గడిలో మూతి బిగుస్తుంది. లీవరు ఒకసారి లాగితే నాలుగూ ఒకేసారి జరుగుతాయి. కానీ పళ్లెం దానంతటది తిరగదు, బొటనవేలితో ఒక్క గడి తిప్పాలి. లాగు, తిప్పు. లాగు, తిప్పు. రోకటి పాటకి ఉన్నంత లయ ఉంది దీనికి. ఆ లయ తప్పిందా, రెండే రకాల అనర్థాలు. తిప్పడం మరిచి మళ్లీ లాగితే ఒకే కేసులో రెండుసార్లు మందు. లాగకుండా రెండుసార్లు తిప్పితే మందు లేని కేసు మీద బుల్లెట్ దర్జాగా కూర్చుంటుంది.

ఇందులో తూకమంతా గ్రెయిన్లలోనే. పౌనుకి ఏడు వేల గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజ ఎత్తు రెండు గ్రెయిన్లకి ఓ పిసరు తక్కువే. 9 ఎం.ఎం.లో పడే మందు సాధారణంగా రెండు మూడు గింజల ఎత్తు. ఏ మందు ఎంతో తయారీదారు పట్టిక చెప్తుంది, అందులోని కనిష్ఠంతో మొదలుపెట్టాలి, పక్కింటాయన చెప్పిన లెక్కతో కాదు. చిక్కేమిటంటే, కొన్ని మందులు కేసులో సగం కూడా నిండవు. రెండుసార్లు పడినా పొంగి పొర్లవు, నోరెత్తవు.

సరే, లాగు, తిప్పు నడుస్తోంది. స్టీలు బేసిన్‌లో (వంటింటిదే, అడగకుండా తెచ్చింది) రెండు వందల తూటాల దాకా చేరాయి. ఫోన్ మోగింది.

"ఏరా నాన్నా, తిన్నావా?"

చెయ్యి లీవరు మీదే ఉంది. వంకాయలు ఎంత పిరమయ్యాయో, పెద్దమామయ్య మోకాలికి ఏ డాక్టరు ఏమన్నాడో, మేడ మీద ట్యాంకు ఎన్నిసార్లు పొర్లిందో ఇరవై నిమిషాలు నడిచింది. తెలిసినవాళ్లయితే ఫోన్ ఎత్తే ముందే నాలుగు గడుల్లోనూ ఉన్నవి తీసి పక్కన పెడతారు. మనవాడు "ఊఁ", "ఆఁ" అంటూ పళ్లెం మీద బొటనవేలు ఆడించాడు. ఒక గడి తిప్పాడో రెండు తిప్పాడో ఆ వేలికే తెలియాలి. ఫోన్ పెట్టేసి మళ్లీ లయ అందుకున్నాడు. ఇంకో వంద కట్టాక, పదకొండు కావస్తుండగా, పప్పులో ఉప్పు వేశానా అన్న రకం అనుమానం మెల్లగా తలెత్తింది.

పప్పయితే రుచి చూడొచ్చు.

మందు లేని తూటా పేలకుండా ఊరుకుంటే బాగుండు. కానీ ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి తోసి అక్కడ ఇరికించగలదు. "ఢాం" బదులు నీరసంగా "టప్" అంటుంది. పిస్టల్ మొరాయించిందనుకుని అలవాటుగా దాని పైభాగం, అదే స్లయిడ్, వెనక్కి లాగి మళ్లీ కాల్చారా, రెండో బుల్లెట్ వెళ్లి మొదటిదాన్ని గుద్దుతుంది. బ్యారెల్ కప్పని మింగిన పాములా ఉబ్బుతుంది, చేతికీ ముప్పే. అందుకే "టప్" వినగానే ఆపేసి, తూటాలు తీసేసి, బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. డబుల్ పడినది ఇంకా ప్రమాదం.

మనవాడు మొదట చేసింది అందరూ చేసేదే. ఒక్కో తూటా చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయలో నీళ్లు చూసినట్టు ఊపాడు. కొన్ని గలగలమన్నాయి, కొన్ని అనలేదు. పదిహేనోది ఊపేటప్పటికి అన్నీ అంటున్నట్టే ఉంది, ఏదీ అననట్టూ ఉంది. ఇది పరీక్ష కాదు, జాతకం.

తర్వాత త్రాసు. "ఏవండీ, వంటింటి త్రాసు కావాలా?" అని ఆవిడ అడిగింది. దానికి గ్రాము కంటే చిన్నది కనపడదు. గ్రాము అంటే పదిహేను గ్రెయిన్లు, మూడు తూటాల మందు. తన చిన్న త్రాసు తీశాడు, గరాజ్ ఫ్యాను గాలికి అంకెలు ఊగుతుంటే ఫ్యాను కట్టేశాడు. టెక్సాస్ ఎండాకాలంలో ఫ్యాను లేని గరాజ్ ఇడ్లీ పాత్రే. చెమట కారుస్తూ పది తూటాలు తూచేసరికి అసలు సంగతి బయటపడింది. 115 గ్రెయిన్ల బుల్లెట్ కట్టిన తూటా మొత్తం 180 గ్రెయిన్ల పైచిలుకు ఉంటుంది. అందులో కేసు అరవై దాకా. రేంజిలో ఏరిన కేసులు తలో కంపెనీవి, వాటిలో వాటికే నాలుగైదు గ్రెయిన్ల తేడా. వెతుకుతున్న మందు కూడా నాలుగైదు గ్రెయిన్లే! తేలికైన తూటాలో మందు లేదో, ఇత్తడి తక్కువో త్రాసు చెప్పలేదు. అడుగున అచ్చు చూసి కంపెనీల వారీగా విడదీసి తూచితే కొంత నయం, అదీ అనుమానాన్ని తగ్గిస్తుందే తప్ప తీర్చదు.

మిగిలింది ఒకే దారి, విప్పడం. ప్రతి యాభై ఒక డబ్బాలో వేసి ఉంటే అనుమానం వచ్చిన రెండు మూడు డబ్బాలు విప్పితే సరిపోయేది. మూడు వందలూ ఒకే బేసిన్‌లో అన్నప్రసాదంలా కలిసిపోయి ఉన్నాయి.

విప్పే సాధనం ప్లాస్టిక్ సుత్తి. తల బోలుగా ఉంటుంది. తూటాని అందులో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, గట్టి సిమెంటు నేల మీద కొడితే బుల్లెట్ తన బరువుకి తానే ఊడి, మందుతో సహా సుత్తి లోపల పడుతుంది. తూటాని పట్టడానికి దానితో వచ్చిన బిగింపే వాడాలి, ప్రెస్సులో కేసుని పట్టి ఉంచే షెల్‌హోల్డర్ కాదు. సుత్తి అడుగున స్పాంజి ఇయర్‌ప్లగ్ ఒకటి వేస్తే బుల్లెట్ ముక్కు చెడదు. బరువైన .45 బుల్లెట్ రెండు దెబ్బలకే దిగొస్తుంది. 115 గ్రెయిన్లది తేలిక గనక నాలుగైదు పడాలి. మూడు వందలని ఐదుతో గుణించండి.

టక్. టక్. టక్. టక్. టక్.

పన్నెండింటికి ఆవిడ తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా వేసేసింది. ఒంటిగంటకి బిగింపు చుట్టూ ఉండే రబ్బరు రింగు తెగింది. కుళాయికి వేసే రబ్బరు రింగు ఒకటి సరిపోయింది. బుల్లెట్లనీ మందునీ వేరుచేయడానికి టీ వడకట్టే జల్లెడ వచ్చింది. అది ఇక వంటింటికి తిరిగి వెళ్లకూడదు. తిరిగి డబ్బాలో పోయడానికి మనసొప్పని మందుని కరివేపాకు కుండీలో వేద్దామనుకున్నాడు, నత్రజని కదా అని. "ఆ చెట్టు జోలికి వచ్చారంటే..." అని లోపలి నుంచి వినపడింది. పచ్చిక మీద పలచగా చల్లాడు. ప్రైమర్ ఉన్న ఖాళీ కేసులు మళ్లీ పనికొస్తాయి. మూతి వదులైంది గనక, ప్రైమర్ ఊడగొట్టే పిన్ను తీసేసిన డైలో (కేసుని కొలతకి నొక్కే అచ్చులో) ఒకసారి నొక్కాలి.

రెండు వందల ఎనభై ఏడోది ఖాళీ. ఒక్క పలుకు మందు లేదు. మనవాడు దాన్ని దీపం కింద పెట్టి, తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు చూసుకున్నాడు. అయినా మిగతా పదమూడూ విప్పాల్సిందే. ఒకటి ఖాళీ అయితే ఇంకోటి డబుల్ కాదని ఎవరు చెప్పారు?

రెండున్నరకి ఫోన్ మోగింది. తెనాలిలో మధ్యాహ్నం ఒంటిగంట, భోజనాలైనట్టున్నాయి.

"మేలుకునే ఉన్నావేం నాన్నా? అవునూ, ఏంటా టక్ టక్ చప్పుడు?"

"ఏం లేదమ్మా. ఇందాక నువ్వు చేసినప్పుడు వంకాయల దగ్గర ఆగిన పనే."