సీటు వెనకాల ఆయిల్ డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అయిదు లీటర్ల ఇంజిన్ ఆయిల్ డబ్బా గారి సముఖానికి,

లారీ డ్రైవరు సీటు వెనకాల, జాకీ రాడ్డుకీ మడతపెట్టిన టార్పాలిన్‌కీ మధ్య తమరు కొలువుదీరి చాలా కాలమైంది. మొదట్లో "దారిలో ఎందుకైనా మంచిది" అని చుట్టంగా తెచ్చిపెట్టారు. ఇప్పుడు తమరు ఎక్కనిదే బండి కదలడం లేదు. ఇంజిన్ దించి పని చేయించాలా, వేరే ఇంజిన్ వేయాలా, బండే అమ్మిపారేయాలా అన్న మాట ఓనరు నోటిదాకా వచ్చిన ప్రతిసారీ తమరు ఒక లీటరు వంపుతారు. ఇంజిన్‌లో నూనె కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్ మీద మట్టం పైగీతకు చేరుతుంది, మాట గొంతులోనే ఆగిపోతుంది. "ఇంకో ట్రిప్పు లాగుతుందిలే." అంత పెద్ద ఖర్చు సంగతి ఇంత చిన్న మూత తేల్చేస్తోందంటే తమరి ప్రజ్ఞ సామాన్యమైంది కాదు.

పోనీ, తమరి దగ్గరున్న సాక్ష్యమైనా సరిగ్గా చెబుతారా? ఎంత పోశారని అడిగితే "ఏదో, అప్పుడప్పుడు కాస్త" అంటారు. ఆ కాస్తను డీజిల్ పక్కన పెట్టి కొలవాలి. వంద లీటర్ల డీజిల్ కాలే లోపు అర లీటరుకు మించి ఆయిల్ పోతుంటే అనుమానించాల్సిందే. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్లు కాలుస్తుంది. అంటే లీటరుంపావు దాకా ఓర్చుకోవచ్చు. వెయ్యికి మూడు లీటర్లు పోస్తూ "డీజిల్ బండి కదా, ఆ మాత్రం తాగదా" అనేవాళ్లకు తమరు కనీసం గుటక చప్పుడైనా వినిపించరు.

అలాగని పోసిందంతా పిస్టన్ చుట్టూ ఉండి నూనె పైకి పోకుండా ఆపాల్సిన రింగులే మింగాయని చాడీ చెప్పినా ఒప్పుకోం. గాలి బ్రేకుల బండి అయితే ముందు గాలి ట్యాంకుల డ్రెయిన్లు లాగి చూడాలి. నీళ్లతో పాటు నల్లటి జిగురు కారితే కొన్ని లీటర్ల పాపం బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్‌ది. ఇంజిన్‌లోకి గాలి నెట్టేది టర్బో, ఆ గాలిని చల్లార్చేది ఇంటర్‌కూలర్. దాని గొట్టం విప్పితే లోపల నూనె నిలిచి ఉంటే టర్బో సీలును అడగాలి. క్లచ్ హౌసింగ్ కింద చుక్క వేలాడుతుంటే అది ఇంజిన్ వెనక సీలు. ఇంజిన్ లోపలి గాలిని వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోయిందంటే చాంబర్‌లో, అంటే అడుగున నూనె ఉండే భాగంలో గాలి బిగుసుకుని మంచి సీళ్లను కూడా బయటికి నెట్టేస్తుంది. ఈ నాలుగూ చూడకుండా "ఇంజిన్ బోరుకొచ్చింది", అంటే సిలిండర్లు అరిగిపోయాయి అని తీర్పు చెప్పే మేస్త్రీకి, తమరికి తేడా లేదు. ఇద్దరికీ మూత తియ్యడమే తెలుసు.

పొగ భాషా తమరికి వచ్చు, కానీ అనువాదం చెయ్యరు. లోడుతో ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నీలిపొగ వదలకుండా వస్తే రింగులు, పిస్టన్ కదిలే గొట్టాలైన లైనర్లు. పొద్దున సెల్ఫు కొట్టగానే ఒక్క దమ్ము వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. దానికి ఇంజిన్ మార్చనక్కర్లేదు. నల్లపొగకు తమరితో చుట్టరికమే లేదు. అది గాలి చాలకో, డీజిల్ చిమ్మే నాజిల్స్ కారో వస్తుంది. తెల్లపొగలో పచ్చి డీజిల్ వాసన వస్తే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం) తగ్గినట్టు, లేదా నాజిల్స్ తప్పు. రేడియేటర్‌లో కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి అక్కడే పెట్టండి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండాలి. మూత కాస్త వణికితే మామూలే. టక్కున ఎగిరి అవతల పడితే కింద రింగుల పక్కనుంచి గాలి చాంబర్‌లోకి దిగుతోంది. ఇది నాడి చూడటం లాంటిది, రోగం ఖరారు చెయ్యడానికి చాలదు. అరిగిన కంప్రెసర్ గాలి కూడా ఆ చాంబర్‌లోకే వస్తుంది. ఖరారు కావాలంటే ఇంజిన్ వేడెక్కాక, డీజిల్ ఆపి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ గేజు పెట్టాలి. అంకె ఎంత ఉండాలో ఆ ఇంజిన్ పుస్తకమే చెబుతుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో 350 నుంచి 450 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. అన్నీ సమానంగా కాస్త తగ్గితే వయసు. ఒక్కటే మిగతావాటికంటే బాగా పడిపోతే అక్కడేదో జబ్బు. పెట్రోలు బండికి చేసినట్టు సిలిండర్‌లో నూనె పోసి మళ్లీ చూద్దామని ఎవరైనా తమరి వైపు చెయ్యి చాస్తే ఇవ్వకండి. డీజిల్‌లో పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ. నూనె నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

తక్కువ చూపిన సిలిండర్‌లో రెండు వైపుల వాల్వులూ మూసుకునేలా పిస్టన్‌ను టాప్‌కి తెచ్చి 7 బార్ గాలి ఎక్కించి చెవి పెడితే సంగతి అదే చెబుతుంది. ఆయిల్ మూతలో బుస వినిపిస్తే రింగులు. ఇన్‌టేక్‌లో వినిపిస్తే ఆ వైపు వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఈ వైపు వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్టో, హెడ్డు పగులో. వాల్వులయితే హెడ్డు దించి సీట్లు కట్ చేయిస్తే సరి. ఒక వాల్వు తప్పుకు ఇంజిన్ మొత్తాన్ని ఉరి తీసిన సందర్భాలు లోకంలో తక్కువేమీ కాదు.

ఇంజిన్ అడుగున తిరిగే క్రాంకు, దాన్ని మోసే షెల్ బేరింగుల సంగతికి ఆయిల్ ప్రెషర్ సాక్షి. డాష్‌బోర్డు ఎర్ర లైటును నమ్మొద్దు, అది శవం లేచే ముందు వెలిగే దీపం. యాంత్రిక గేజు బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాలి. వెయ్యి ఆర్‌పీఎమ్‌కు సుమారు 10 పీఎస్‌ఐ అన్నది మోటు లెక్క. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకోవాలి. అయస్కాంతానికి అంటేది ఇనుము. అంటకుండా మెరిసే రజను ఎక్కువసార్లు షెల్ బేరింగులది. అందులో రాగి రంగు కనిపిస్తే బేరింగు పైపొర పోయి అడుగు పొర అరుగుతోందన్నమాట. ఆ రంగు చూశాక కూడా "ఇంకో ట్రిప్పు" అంటే ఆ ట్రిప్పు క్రాంకును కూడా పాడు చెయ్యడానికే.

తమరి కెరీర్‌లో అన్నిటికంటే ఘనమైన ఘట్టం ఇంకొకటుంది. ఒక వారం తమరి అవసరమే పడదు. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. ఇంజిన్ తాగుడు మానేసిందని సంబరం! వాసన చూస్తే డీజిల్. నాజిల్ కారో, పంపు సీలు పోయో డీజిల్ చాంబర్‌లోకి దిగి నూనె పలచబడుతోంది, బేరింగులకు రక్షణ లేదు. మట్టం మరీ పెరిగినా, టర్బో సీలు పూర్తిగా పోయినా ఇంజిన్ ఆ నూనెనే పీల్చి దానంతట అదే రేజ్ అయిపోతుంది. తాళం తీసినా ఆగదు. మాన్యువల్ గేరు బండి అయితే పై గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదలాలి. లేదా గాలి దారి పలకతో మూయాలి. అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టకూడదు.

సరే, రోగం రింగులు, బేరింగులదేనని తేలింది. క్రాంకు, బ్లాకు బాగుంటే బండిలో ఉండగానే హెడ్డు, చాంబరు విప్పి లైనర్లు, పిస్టన్లు, రింగులు, షెల్ బేరింగులు మార్చేయొచ్చు. క్రాంకు జర్నల్ (బేరింగు ఆనే చోటు) గీతలు పడితే ఇంజిన్ దించక తప్పదు: లేత్ షాపులో 0.25 మిల్లీమీటర్లు తగ్గించి పట్టించి, ఆ సైజు బేరింగులే వెయ్యాలి. లైనర్ బయటివైపు సన్నటి చిల్లులు పడి ఉంటే అది కూలెంటు బదులు ఉత్త నీళ్లు పోసిన ఫలితం. కొత్త లైనర్లకూ అదే నీళ్లు పోస్తే అదే గతి. రీకండిషన్ చేసిన ఇంజిన్ తేవాలంటే పాతది బదులివ్వమంటారు. ఇక్కడే తమరి "ఇంకో ట్రిప్పు" మహిమ బయటపడుతుంది. అరిగిన ఇంజిన్‌కు మార్పిడిలో విలువ ఉంటుంది. రాడ్డు విరిగి బ్లాకుకు కిటికీ పెట్టిన ఇంజిన్‌కు తుక్కు తూకమే. సెకండ్ హ్యాండ్ ఇంజిన్‌కైతే పైన చెప్పిన గేజులన్నీ డబ్బులిచ్చే ముందే పెట్టాలి. ఇంజిన్ నంబరు కాగితాల్లో మారుతుందా, వైరింగు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) దీనికి కలుస్తాయా అన్నది లారీలోకి దించాక తెలుసుకుంటే కొత్త తగువు.

ఏ దారిన వెళ్లినా పాత పాపాలు కొత్త ఇంజిన్‌కు అంటగట్టకూడదు. ఎయిర్ ఫిల్టర్ తర్వాతి రబ్బరు హోసును వంచి చూస్తే మడతలో వెంట్రుక వాసి పగులు కనిపించొచ్చు. అందులోంచి దూరిన దుమ్మే రింగులను తినేసి ఉంటుంది. ఫిల్టర్‌ను గాలి గన్నుతో దగ్గరగా ఊదితే కాగితం చిల్లు పడుతుంది, అది మరో ద్వారం. బేరింగు రజను ఆయిల్ కూలర్‌లో దాక్కుంటుంది, కడిగినా పూర్తిగా పోదు, మార్చడమే. క్లచ్ ప్లేటు, వెనక సీలు, మౌంటింగులు, థర్మోస్టాట్ ఇప్పుడే తేల్చాలి, మళ్లీ దించే ఓపిక ఎవరికీ ఉండదు. మొదటిసారి డీజిల్ ఆపి ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫు తిప్పాలి, టర్బోలో ముందే నూనె పొయ్యాలి. తర్వాత గంటల తరబడి ఐడిల్‌లో ఉంచి "సెట్ అవుతోంది" అనుకోవద్దు. రింగులు లోడు మీదే కూర్చుంటాయి; ఐడిల్‌లో లైనర్లు అద్దంలా నునుపెక్కి మళ్లీ తమరి అవసరం మొదలవుతుంది.

అసలు మార్చాలా వద్దా అన్నది మాత్రం ఇంజిన్ దగ్గర తేలదు. ఛాసిస్ కింద సుత్తితో తట్టి చూడాలి, గేరుబాక్సు, డిఫరెన్షియల్ చప్పుడు వినాలి. ఇంకా రెండేళ్లే నడిపే బండికి పదేళ్లు నడిచే ఇంజిన్ వేస్తే మిగతా ఎనిమిదేళ్లు కొనేవాడికి కానుక. అయ్యే ఖర్చుకు బండి నిలబడే రోజుల కిరాయి కలిపి, బండి ఇంకా తిరిగే కిలోమీటర్లతో భాగించండి. తమరి మీద, దారిలో ఆగినప్పుడు పడే లాగుడు బండి మీద అయ్యే ఖర్చు కూడా కిలోమీటరుకు అలాగే తియ్యండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసిన కాగితం ఎవరి జేబులోనైనా ఉందా? తమరు మాత్రం ప్రతి ట్రిప్పులో ఉన్నారు.

రేపటి నుంచి తమరి ఒంటి మీద లీటరు లీటరుకూ గీత గీసి, పోసిన ప్రతిసారీ పక్కన మీటరు రీడింగు రాస్తారట. దయచేసి టార్పాలిన్ మీదికి ఒరిగి కూర్చోకండి, గీత తప్పు చూపిస్తుంది.

ఇట్లు,
తమరి పక్కనే పడి ఉండే,
డిప్‌స్టిక్ తుడిచే గుడ్డ